రేడియో తాతకు ఒక చెల్లెలు ఉంది

విశాఖ పాతనగరం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం సారాంశం: కురుపాం మార్కెట్ దగ్గరి మా వీధిలో, మూతపడిన కొట్టు అరుగు మీద 11 ఏళ్ళు గడిపిన ఒక పెద్దాయన ఈ మధ్య పెద్దాసుపత్రిలో కన్నుమూశారు. ఎప్పుడూ చెవి దగ్గర ట్రాన్సిస్టర్ పెట్టుకుని ఉండేవారు కనుక అందరూ రేడియో తాత అనేవారు. వీధివాళ్ళే చందాలు వేసుకుని జ్ఞానాపురంలో దహనం చేయించారు. వచ్చే ఆదివారం సంతాపసభ పెడుతున్నారు. ఆయన ఫొటో వాళ్ళ దగ్గర లేదు, నా దగ్గర ఉంది. ఆయన మా అమ్మకు సొంత అన్నయ్య. ఈ సంగతి నాకూ మావారికీ తప్ప ఎవరికీ తెలియదు. రోజూ ఒక పూట అన్నం పెట్టాను గాని బంధుత్వం చెప్పుకోలేదు. ఫొటో ఇస్తే పరువు పోతుందని మావారు అంటున్నారు. ఇవ్వమంటారా?

అమ్మా, ఫొటో సంగతి మీరు గాని, మీవారు గాని, నేను గాని తేల్చేది కాదు. నాలుగు పేజీల ఉత్తరంలో మూడో పేజీ చివర మీరు ఒక వాక్యం రాసి వదిలేశారు: ‘అనకాపల్లి నుంచి అమ్మ వచ్చినప్పుడల్లా ఆటోను వెనుక సందులోంచి తిప్పించేదాన్ని.’ నేను జవాబు రాస్తున్నది ఆ వాక్యానికే.

కార్తీక శుద్ధ విదియ నాడు, భగినీహస్త భోజనం రోజున, ఎక్కడున్నాడో తెలియని అన్న పేరిట మీ అమ్మగారు ఏటా విస్తరి వేసి, ఆ అన్నం ఆవుకు పెడతారని మీరే రాశారు. ఆ అన్న మీ గుమ్మానికి నాలుగిళ్ళ అవతల మీ చేతి అన్నమే తింటున్నారని తెలిసి కూడా, మీరు పుట్టింటికి వెళ్ళిన ఏడాది ఆ విస్తరి ముందు మౌనంగా కూర్చున్నారు. మీవారి భయం కన్నా, వీధివాళ్ళ మాట కన్నా మిమ్మల్ని రాత్రిపూట నిద్రపోనివ్వనిది ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది.

‘చెల్లికి చెప్పకు’ అని ఆయన ఒట్టు వేయించుకున్నారన్నారు. పోర్టులో కళాసీగా బతికి, భార్య పోయాక తాగుడుకు ఇల్లు అమ్ముకున్న మనిషి, చెల్లెలి ముందు ఆ స్థితిలో నిలబడలేక అడిగిన మాట అది. నలుగురిలో మిమ్మల్ని ఒక్కసారైనా పేరు పెట్టి పిలవకుండా మీ కాపురం మర్యాద కాపాడిన ఆయన ఆత్మాభిమానానికి నేను చేతులెత్తి నమస్కరిస్తున్నాను. అయినా ఆ ఒట్టు ఆయన సిగ్గును కాపాడడానికే, ఆయనతోనే తీరిపోయింది. ఆయన బతికి ఉండగా అడిగినా, ఒట్టు తీసి గట్టున పెట్టి అమ్మకు చెప్పమనే అనేదాన్ని. అన్న ఉన్నాడో లేడో తెలియకుండా చెల్లెల్ని ఉంచే హక్కు ఎవరికీ లేదు.

రెండుసార్లు నగరపాలక సంస్థ ఆశ్రయానికి పంపించినా తిరిగి వచ్చేశారని ఒక పేజీ నిండా బాధపడ్డారు. లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఏడాది పొడవునా రాత్రింబవళ్ళూ తెరిచి ఉండే ఆశ్రయాలు నెలకొల్పమని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అవి ఉండి తీరాలి. కానీ ఇంత పెద్ద ఊళ్ళో అరుగులకు కొదవా అమ్మా? మేనకోడలు కనిపించే వీధి గనుకనే ఆయన అక్కడికి తిరిగి వచ్చి ఉంటారు.

పరువు పోతుందన్న మీవారి మాట నిజమే. సొంత మేనమామను వీధిలో ఉంచి అన్నం పెట్టిందని అంటారు. అది జరిగిందే కనుక తలవంచి వినండి. ఆ వీధివాళ్ళకు అనే హక్కు ఉంది: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విరుచుకుపడినప్పుడు ఆయనను మెట్ల కిందికి చేర్చి పొడి లుంగీ కట్టినవాళ్ళు వాళ్ళు, కొరివి పెట్టినవాళ్ళు వాళ్ళు. సభ వాళ్ళదిగానే ఉండనివ్వండి, బంధువులం వచ్చామని ముందు కుర్చీల్లోకి వెళ్ళకండి.

రేపే అనకాపల్లి వెళ్ళండి. ఫోనులో చెప్పవద్దు. తమ్ముణ్ణీ మరదలినీ దగ్గర ఉంచుకుని, అమ్మ భోజనం అయ్యాక, పక్కన కూర్చుని మొత్తం చెప్పండి, ఆటో సంగతితో సహా. ఆమె మిమ్మల్ని తిట్టవచ్చు, కొన్నాళ్ళు మాట్లాడకపోవచ్చు. అడ్డుపడి మీ కారణాలు చెప్పుకోకండి. అన్న కోసం ఆమె తలస్నానం చేయాలి, ఏడవాలి. ఆ తరువాత ఫొటో ఆమె చేతిలో పెట్టండి. ఇవ్వాలో వద్దో ఆమె చెబుతుంది.

కాగితాల్లో ఆయన ఇంకా ‘గుర్తు తెలియని పురుషుడు’గానే ఉన్నారన్నారు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. మీ ఉత్తరం అందేనాటికి తొమ్మిది రోజులే గడిచాయి కనుక పోలీస్ స్టేషన్‌లోనూ, జనన మరణాల నమోదు అధికారి దగ్గరా ఆయన పేరు, తండ్రి పేరు రాయించండి. ఆలస్యమైతే పని మానవద్దు, తిరగడం ఎక్కువవుతుంది, అంతే.

ఆ ట్రాన్సిస్టర్ వీధిలో ఎవరి దగ్గర ఉందో కనుక్కోండి. వాళ్ళు ఇస్తే, అనకాపల్లి వెళ్ళేటప్పుడు దాన్ని కూడా తీసుకువెళ్ళండి.