1971లో డ్యూటీ చేశాను, నాకు పెన్షన్ రాదా?

ప్రశ్న: మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. నాకు 76 ఏళ్లు. 1970లో టెరిటోరియల్ ఆర్మీలో, మద్రాస్ రెజిమెంటుకు చెందిన యూనిట్‌లో చేరాను. 1971 అక్టోబర్‌లో డ్యూటీకి పిలిచారు. యుద్ధం సమయంలో పఠాన్‌కోట్ వైపు వంతెనలకు కాపలా కాశాం. ఒక రాత్రి మా లారీ బోల్తా పడి ఎడమ కాలు విరిగింది. రెండు నెలలు మిలటరీ ఆసుపత్రిలో ఉన్నాను. ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాను. 1974 మార్చిలో ఇంటికి పంపేశారు. ఆ తర్వాత ఆరేళ్లు ఏటా రెండు నెలల క్యాంపుకు పోయి వచ్చాను. ప్రస్తుతం నెలకు 4,000 ఎన్టీఆర్ భరోసా పెన్షన్, ఎకరన్నర మామిడి తోట, బ్యాంకులో 3 లక్షలు ఉన్నాయి. 1971 యుద్ధంలో ఉన్నవాళ్లకు మిలటరీ పెన్షన్ ఇస్తున్నారని, పాత బకాయిలు 12 లక్షలు వస్తాయని ఒకాయన చెప్పాడు. ఖర్చులకు 40,000 అడుగుతున్నాడు. డిశ్చార్జి బుక్కు ఆయన దగ్గరే ఉంది. డబ్బు ఇవ్వమంటారా?

జవాబు: అయ్యా, నమస్కారం. ఆ 40,000 ఇవ్వకండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీకు పెన్షన్ వచ్చే దారి ఏదైనా ఉంటే అది ఆ యుద్ధంలో లేదు, మీ ఎడమ కాలిలో ఉంది. ఆ మనిషి మాత్రం కాలి సంగతే ఎత్తలేదు.

ముందు యుద్ధం మాట. యుద్ధం జరిగినప్పుడు యూనిఫాంలో ఉన్నంత మాత్రాన పెన్షన్ రాదు, పతకం వస్తుంది. పెన్షన్‌కు లెక్క సర్వీసు ఏళ్లదే. టెరిటోరియల్ ఆర్మీ అంటేనే ఊళ్లో సొంత బతుకుతెరువు ఉండి, దేశం పిలిచినప్పుడు తుపాకీ పట్టే మనుషుల ఫౌజు. 1948 చట్టం దాన్ని అట్లాగే కట్టింది. అందుకే అక్కడ పిలిచి డ్యూటీలో పెట్టుకున్న కాలం, అంటే మీ బుక్కులో ‘ఎంబాడీడ్’ అని రాసే కాలం మాత్రమే లెక్కకు వస్తుంది. అది విడతలు విడతలుగా ఉన్నా ఫర్వాలేదు, మొత్తం కలిపి జవానుకు 15 ఏళ్లు నిండాలి. మీది 1971 అక్టోబర్ నుంచి 1974 మార్చి దాకా రెండున్నరేళ్లు. క్యాంపులు కూడా లెక్కలోకి తెచ్చి ఉదారంగా కలిపినా ఇంకో ఏడాది. మూడున్నర దగ్గర ఆగిపోతుంది. ఈ మాట రాయడం నాకూ బాధగానే ఉంది. చలిలో వంతెన మీద నిలబడిన మనిషికి పదిహేనేళ్ల లెక్క చెప్పడం నాకు న్యాయంగా తోచదు. కానీ నిబంధన అదే. దాన్ని మార్చే శక్తి ఆ బ్రోకర్‌కూ లేదు, నాకూ లేదు.

12 లక్షల బకాయి మాట ఇంకా అన్యాయం. పెన్షన్ హక్కు ఎన్నేళ్ల తర్వాత తేలినా, ఆలస్యంగా కోర్టుకు వెళ్లినవాళ్లకు పాత బకాయి మామూలుగా మూడేళ్లకే పరిమితమని సుప్రీంకోర్టు 2008లోనే, తర్సేమ్ సింగ్ కేసులో చెప్పింది. 1974 నుంచి లెక్కగట్టి ఇప్పిస్తానన్నాడంటే, ఆయనకు తెలియదు అనుకోవాలి, లేదా మీకు తెలియదని ఆయనకు తెలుసు అనుకోవాలి.

ఇక కాలి సంగతి. డ్యూటీలో ఉండగా తగిలిన దెబ్బ వల్ల వైకల్యం మిగిలితే డిసేబిలిటీ పెన్షన్ ఉంది. దానికి 15 ఏళ్ల షరతు లేదు. టెరిటోరియల్ ఆర్మీ వాళ్లు కూడా దానికి అర్హులేనని 2021 డిసెంబర్‌లో పానీరామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే రెండు విషయాలు తేలాలి: దెబ్బ సర్వీసు వల్లే తగిలిందని కాగితం చెప్పాలి, వైకల్యం 20 శాతానికి తగ్గదని మెడికల్ బోర్డు చెప్పాలి. రెండోది డాక్టర్లు చూసుకుంటారు. చిక్కంతా మొదటి దాంట్లోనే.

కిందటేడు మీలాంటి పెద్దాయన ఒకరు డిశ్చార్జి బుక్కు పట్టుకుని మా ఆఫీసుకు వచ్చారు. పాత టవల్‌లో చుట్టి తెచ్చారు. అంచులు చెదలు తినేశాయి, ఇంకు వెలిసిపోయింది. మామూలుగా చూస్తే ఏమీ కనబడలేదు. కిటికీ దగ్గర వెలుతురుకు పెట్టి చూస్తే, మెడికల్ కేటగిరీ, అంటే ఆరోగ్యం ఏ స్థాయిలో ఉందో రాసే గడిలో ఊదా రంగు స్టాంపు, కింద చేత్తో రాసిన ఒక తేదీ బయటపడ్డాయి. ఆయన ఆ పేజీని యాభై ఏళ్లుగా ట్రంకుపెట్టెలో పెట్టుకుని ఉన్నారు, ఎప్పుడూ చదవలేదు. మీ బుక్కు చేతికి రాగానే అందులో కూడా ఆ గడి చూడండి. ఇంటికి పంపినప్పుడు మీ కేటగిరీ ఏమని రాశారు? ఆసుపత్రి పేరు, తేదీలు ఎక్కడైనా ఉన్నాయా? ఆ ఒక్క గీత విలువే ఎక్కువ, పతకాలది కాదు.

అక్కడ ఏమీ లేకపోతే నీలగిరిలోని వెల్లింగ్టన్‌కు, మద్రాస్ రెజిమెంట్ రికార్డ్ ఆఫీసుకు రాయాలి. పోయి రావాల్సిన పని లేదు. సమాచార హక్కు కింద దరఖాస్తు, దానికి 10 రూపాయల పోస్టల్ ఆర్డర్, స్పీడ్ పోస్టు చాలు. మీ ఆర్మీ నంబర్, యూనిట్, చేరిన తేదీ, వదిలిన తేదీ రాసి, ఆసుపత్రి వివరాలు, గాయం రిపోర్టు కాపీలు అడగండి. ముందే ఒక మాట చెప్పాలి. పెన్షన్ లేకుండా వెళ్లిపోయినవాళ్ల కాగితాలను 25 ఏళ్ల తర్వాత తీసేస్తారు. ‘లాంగ్ రోల్’ అనే పెద్ద రిజిస్టర్ మాత్రం ఉంచుతారు. కాబట్టి ‘రికార్డులు లేవు’ అని జవాబు వస్తే అక్కడితో ఆగకండి, లాంగ్ రోల్‌లో మీ పేరు మీద ఉన్న వివరాల కాపీ ఇవ్వమని మళ్లీ రాయండి. గాయం రుజువు దొరక్కపోతే కేసు బలహీనమే. ఆశ పెట్టి అబద్ధం చెప్పను.

ఈ రాతకోతలన్నీ చిత్తూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వాళ్లు ఉచితంగా చేసి పెడతారు. మిలటరీ వాళ్లు కాదన్న తర్వాత ట్రిబ్యునల్ దాకా పోవాలంటే చెన్నైలో సాయుధ దళాల ట్రిబ్యునల్ బెంచి ఉంది. లాయరు ఫీజు టెన్షన్ పెట్టుకోకండి, ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి. సైనికుల కుటుంబాలకు న్యాయసాయం కోసం 2025 జులైలో జాతీయ స్థాయిలో ప్రత్యేక పథకం కూడా మొదలైంది.

బ్రోకర్ మాట ఎక్కడి నుంచి పుట్టిందో కూడా ఊహించగలను. పెన్షన్ లేని, 65 దాటిన మాజీ సైనికులకు కేంద్రం ఇచ్చే పెన్యూరీ గ్రాంట్ 2025 నవంబర్ నుంచి నెలకు 4,000 నుంచి 8,000 అయింది. పేపర్లో వచ్చింది కదా! కానీ అది ‘మాజీ సైనికుడు’ అన్న నిర్వచనంలో ఉన్నవాళ్లకు. టెరిటోరియల్ ఆర్మీ నుంచి ఆ నిర్వచనంలోకి రావాలంటే సర్వీసు పెన్షన్, సర్వీసు వల్ల వచ్చిన వైకల్యం, శౌర్య పతకం, వీటిలో ఒకటి ఉండాలి. మీ విషయంలో మళ్లీ కాలి దగ్గరికే వచ్చాం.

ఇప్పుడు చేతిలో ఉన్న డబ్బు చూద్దాం. 3 లక్షలు సేవింగ్స్ ఖాతాలో రెండున్నర శాతానికి పడి ఉన్నాయనుకుంటాను. 50,000 అక్కడే ఉంచండి, ఆసుపత్రికో, తోట మందులకో. మిగతా రెండున్నర లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో పెట్టండి. ఇప్పుడు వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకోసారి 5,125 రూపాయలు వస్తుంది. అయిదేళ్ల గడువు. మధ్యలో తీస్తే కోత పడుతుంది, అందుకే ఆ 50,000 విడిగా ఉంచమన్నాను. ఖాతా మీ భార్యాభర్తలిద్దరి పేర్లతో, జాయింట్‌గా తెరవండి. అమ్మగారి పేరు ఉండడం ముఖ్యం.

తోటకు అన్నదాత సుఖీభవ, పీఎం కిసాన్ కలిపి ఏడాదికి 20,000 పడుతున్నాయో లేదో రైతు సేవా కేంద్రంలో కనుక్కోండి, మీరు రాయలేదు. తోతాపురి ధర మీద మాత్రం బడ్జెట్ వేసుకోకండి. 2025లో ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 కలిపి కిలో 12 అని నిర్ణయించాక కూడా మన రైతులు ఎంత పడిగాపులు కాశారో మీకే ఎక్కువ తెలుసు. 70 దాటినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా 5 లక్షల వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకోండి.

మిలటరీ పెన్షన్‌కు అప్లై చేస్తే భరోసా పెన్షన్ ఆగిపోతుందని భయం వద్దు. దరఖాస్తు పెట్టినంత మాత్రాన ఏమీ కాదు. మిలటరీది మంజూరయ్యాక మాత్రం సచివాలయంలో చెప్పి ఇది వదులుకోవాలి, అప్పటికి నష్టం ఉండదు. మీ తర్వాత ఈ 4,000 అమ్మగారికి స్పౌజ్ కేటగిరీలో మారుతుంది. ఇద్దరి ఆధార్‌లో పేర్లు, రేషన్ కార్డులో పేర్లు ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసిపెట్టండి.

అన్నిటికంటే ముందు పని: ఆ డిశ్చార్జి బుక్కు ఈ వారంలోనే వెనక్కి తెచ్చుకోండి. అది ఒరిజినల్, పోతే ఇంకోటి దొరకడం కష్టం. ‘సైనిక ఆఫీసులో చూపించాలి’ అనండి చాలు, గొడవ పెట్టుకోకండి. ఒక్కరే పోవద్దు, కొడుకునో అల్లుణ్నో వెంట తీసుకెళ్లండి. ఇంటికి రాగానే ప్రతి పేజీ ఎండ వెలుతురులో ఫోన్‌తో ఫొటో తీయించి, మెడికల్ గడి ఉన్న పేజీ నాకు పంపండి.