అమ్మాయి ల్యాప్‌టాప్‌లో లైనక్స్ కూడా వేసుకుంటానంటోంది, ఒప్పుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం. కిందటేడు వాయిదాల మీద ల్యాప్‌టాప్ కొనిచ్చాం. విండోస్ 11, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. ఇప్పుడు విండోస్ ఉండగానే ఉబుంటు అనే లైనక్స్ కూడా వేసుకుంటానంటోంది. ల్యాప్‌టాప్ పాడైపోతుందని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. ఇంకోటి కొనే పరిస్థితి లేదు. అసలు ఇది ఉద్యోగానికి పనికొస్తుందా? (ఒక తండ్రి, నంద్యాల)

జవాబు: వేసుకోనివ్వండి సార్. కాకపోతే ఈ వారమే వద్దు, సెమిస్టర్ పరీక్షలు అయ్యాక సెలవుల్లో చేయమనండి, అదీ నేను కింద చెప్పే పనులు ముందు పూర్తయ్యాకే.

మీ భయం సంగతి ముందు చూద్దాం. విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపే రెండో ఆపరేటింగ్ సిస్టమ్ వేసినంత మాత్రాన మదర్‌బోర్డో స్క్రీనో బ్యాటరీనో పోదు. పోయే అవకాశం ఉన్నది లోపలున్న డేటా, అంటే ఫొటోలు, నోట్సు, ప్రాజెక్టు ఫైళ్లు, ఆపైన విండోస్. విండోస్‌ను మళ్లీ ఎక్కించుకోవచ్చు, డేటాకు మాత్రం ఇంకోచోట కాపీ లేకపోతే అది తిరిగి రాదు. జాగ్రత్త అంతా అక్కడ పడాలి.

ఉద్యోగానికి కచ్చితంగా పనికొస్తుంది, అయితే వేసుకున్నందుకు కాదు, వేసుకున్నాక రోజూ వాడినందుకు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి మొదలుపెట్టిన ఈ లైనక్స్ మీదే ఇవాళ వెబ్ సర్వర్లు, క్లౌడ్ చాలావరకు నడుస్తున్నాయి, మన ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్న కెర్నల్ (సిస్టమ్‌లోని మూలభాగం) కూడా అదే, ఇక ప్రపంచంలోని టాప్ 500 సూపర్‌కంప్యూటర్ల జాబితా తీస్తే 2017 నవంబరు నుంచి అందులో ఉన్నవన్నీ లైనక్స్‌వే. బ్యాకెండ్, క్లౌడ్, డెవాప్స్ (సాఫ్ట్‌వేర్‌ను సర్వర్ల మీద పెట్టి నడిపించే పని), సైబర్ సెక్యూరిటీ, ఏ వైపు వెళ్లినా ఇది తప్పదు. ఈసీఈ పిల్లలు కూడా దీన్ని పక్కన పెట్టేయకూడదు, ఎందుకంటే చిప్ డిజైన్ టూల్స్ ఎక్కువగా లైనక్స్ మీదే నడుస్తాయి.

ఇంటర్వ్యూలో ఉబుంటు వేశావా అని ఎవరూ అడగరు. సర్వర్‌లో డిస్క్ నిండిపోయింది, ఏ ఫోల్డర్ వల్లో ఎలా కనుక్కుంటావు? ఈ పోర్టును ఏ ప్రోగ్రామ్ పట్టుకుని కూర్చుంది? నువ్వే రాసిన ఫైలు రన్ చేస్తే పర్మిషన్ లేదంటోంది, ఎందుకు? ఇలా ఉంటాయి. లైనక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ సర్టిఫికెట్ పరీక్షలో నాలుగు ఆప్షన్లలో ఒకదానికి టిక్ పెట్టడం ఉండదు, నిజం సిస్టమ్ ముందు కూర్చోబెట్టి పని చేసి చూపించమంటారు. రోజూ వాడిన వాళ్ల చేతికి అది వచ్చేస్తుంది, వీడియోలు చూసి కమాండ్లు బట్టీపట్టిన వాళ్లు అక్కడ ఇబ్బంది పడతారు.

మీ అమ్మాయికి కమాండ్లు నేర్చుకోవడం వరకే కావాలంటే డిస్క్‌ను ముట్టుకోకుండానే ఒక దారి ఉంది. డబ్ల్యూఎస్‌ఎల్ అని విండోస్‌లోనే లైనక్స్ నడిపే సదుపాయం 2016 నుంచి ఉంది, ఉచితం, ఒక్క కమాండ్‌తో వచ్చేస్తుంది. ముందు నెలా రెండు నెలలు అందులో చేయమనండి. ఆ తర్వాత కూడా ఆసక్తి ఉంటే అప్పుడు డ్యుయల్ బూట్‌కి, అంటే రెండూ డిస్క్‌లో ఉంచుకుని మెషీన్ ఆన్ చేసినప్పుడు ఒకటి ఎంచుకునే పద్ధతికి, వెళ్లొచ్చు, ఎందుకంటే మెషీన్ ఎలా బూట్ అవుతుంది, పార్టిషన్లు (డిస్క్‌లో విడదీసిన భాగాలు), డ్రైవర్లు (వైఫై లాంటి పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్లు) ఏమిటి అన్నది డబ్ల్యూఎస్‌ఎల్‌లో తెలియదు. పైగా 8 జీబీ ర్యామ్‌తో వర్చువల్ మెషీన్, అంటే విండోస్ లోపలే ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నడిపే సాఫ్ట్‌వేర్, పెడితే ఉన్న ర్యామ్‌నే విండోస్, లైనక్స్ రెండూ పంచుకోవాలి, రెండూ నత్తనడకే. డ్యుయల్ బూట్‌లో ఒకసారికి ఒకటే నడుస్తుంది కాబట్టి ర్యామ్ మొత్తం దానికే.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. ఈ మధ్య వస్తున్న విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్క్‌లోని డేటాకు తాళం వేసే ఎన్‌క్రిప్షన్, అంటే బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్, మనం ఆన్ చేయకపోయినా ఆన్ అయి ఉంటుంది. బూట్ సెట్టింగుల్లో ఏదైనా మారితే విండోస్ ఒక్కోసారి నీలం తెర చూపించి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే, పోయిన కీని మైక్రోసాఫ్ట్ కూడా మళ్లీ తయారుచేసి ఇవ్వలేదు. ఆ కీ సాధారణంగా మొదటిసారి లాగిన్ అయిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉంటుంది. మరి ఆ అకౌంట్ ఎవరిది? షాపులో కుర్రాడు హడావుడిగా ఏదో మెయిల్‌తో అకౌంట్ తెరిచి పాస్‌వర్డ్ చెప్పకుండా ఇచ్చేసిన ల్యాప్‌టాప్‌లు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. కాబట్టి మొట్టమొదట మీ అమ్మాయి తన అకౌంట్‌లోకి వెళ్లి ఆ కీ కనిపిస్తోందో లేదో చూసుకోవాలి, కాగితం మీద రాసి బీరువాలో టెన్త్ సర్టిఫికెట్ పక్కన పెట్టండి. కీ దొరక్కపోతే కంగారు వద్దు, విండోస్ తెరుచుకుంటున్నంతకాలం లోపలికి వెళ్లి ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేయొచ్చు. కీ ఉన్నా ఇన్‌స్టాల్ ముందు ఆఫ్ చేసి, డీక్రిప్షన్ (ఆ తాళం తీసే పని) పూర్తయ్యేదాకా ఆగడమే మంచిది.

తర్వాత బ్యాకప్. ముఖ్యమైన ఫైళ్లన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకో గూగుల్ డ్రైవ్‌లోకో వెళ్లాలి, వెళ్లిన ఫైళ్లు అక్కడ తెరుచుకుంటున్నాయో లేదో కూడా చూడాలి.

8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి సరిపోతుంది, ఉబుంటుకు డబ్బు కట్టక్కర్లేదు. 24.04 ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం అప్‌డేట్లు వచ్చే వెర్షన్) వేసుకోమనండి, 2024 ఏప్రిల్‌లో వచ్చిన దీనికి అయిదేళ్లు అప్‌డేట్లు వస్తాయి. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా ఊరికే నడిపి చూసే వీలుంది. ఆ పని తప్పకుండా చేయాలి, వైఫై, టచ్‌ప్యాడ్, సౌండ్ అన్నీ పనిచేస్తున్నాయో లేదో అక్కడే తేలిపోతుంది. అన్నీ బాగుంటే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (షట్‌డౌన్ చేసినా విండోస్‌ను పూర్తిగా ఆపని సెట్టింగు) ఆపేసి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి సీ డ్రైవ్‌ను కుదించి 70, 80 జీబీ ఖాళీ చేసుకోవాలి. కనీసం 25 జీబీ ఉంటే చాలంటారు గానీ నాలుగు సాఫ్ట్‌వేర్లు వేసేసరికి అది ఇరుకైపోతుంది.

ఇన్‌స్టాలర్‌లో ఒక తెర వస్తుంది, విండోస్ పక్కన వేయాలా, డిస్క్ మొత్తం తుడిచేసి వేయాలా అని. పిల్లల డేటా పోయేది ఎక్కువగా ఈ ఒక్క తెర దగ్గరే, గబగబా నెక్స్ట్ నొక్కుకుంటూ పోవడం వల్ల. అక్కడ ఆగి, చదివి, మళ్లీ చదివి నొక్కమనండి. కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనిపించదు, స్టోరేజ్ ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ పద్ధతిలో పెట్టి ఉండటం దానికి కారణం. ఎవరో చెప్పారని వెంటనే బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే మెషీన్ సెట్టింగుల్లోకి) వెళ్లి అది మార్చేస్తే విండోస్ బూట్ అవడం మానేస్తుంది. అలాంటిది ఎదురైతే అక్కడితో ఆపేసి, తెలిసిన సీనియర్‌నో ల్యాబ్ సార్‌నో పక్కన కూర్చోబెట్టుకుని చేయాలి.

ఈ పని షాపుకు ఇచ్చి చేయించకండి. ఆ రెండు గంటల్లో తను చదివేది, అర్థం చేసుకునేదే ఇందులో అసలు చదువు.

వేశాక చిన్న చిన్నవి వస్తాయి. లైనక్స్‌లోంచి విండోస్‌లోకి వస్తే గడియారం అయిదున్నర గంటలు తేడా చూపిస్తుంది, ఒకటి లోకల్ టైమ్, ఇంకోటి యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) లెక్కన పెట్టుకోవడం వల్ల, ఒక్క కమాండ్‌తో సరిపోతుంది. విండోస్ అప్‌డేట్ల వల్ల కూడా అప్పుడప్పుడు చిక్కు వస్తుంది, 2024 ఆగస్టులో ఒక సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత చాలామందికి లైనక్స్ బూట్ కాలేదు. అందుకే ఆ పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేయకుండా దాచుకోవాలి.

విండోస్ పూర్తిగా తీసేస్తానంటే మాత్రం ఒప్పుకోవద్దు. ప్లేస్‌మెంట్ల ఆన్‌లైన్ పరీక్షలకు వాడే నిఘా సాఫ్ట్‌వేర్లు కొన్ని లైనక్స్ మీద పనిచేయవు. అదే కారణంగా థర్డ్ ఇయర్ చివర్లో, కంపెనీలు వచ్చే రోజుల్లో ఇలాంటి ప్రయోగాలు పెట్టుకోకూడదు, రెండో ఏడాది సెలవులే సరైన సమయం.

మీ అమ్మాయికి నేరుగా ఒక మాట. వేసుకుని వారం తిరక్కుండా విండోస్‌లోకి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువమ్మా. మెషీన్ ఆన్ చేస్తే లైనక్సే మొదట వచ్చేలా ఉంచుకో, సీ, పైథాన్ ల్యాబ్ ప్రోగ్రాములన్నీ అందులోనే చెయ్, గిట్ (కోడ్‌లో చేసిన మార్పులను దాచి ఉంచే టూల్) నేర్చుకో. ఎప్పుడైనా తీసేయాలనిపిస్తే నేరుగా లైనక్స్ పార్టిషన్ డిలీట్ చేయకు, మెషీన్ నల్ల తెర మీద గ్రబ్ (ఏ సిస్టమ్ తెరవాలో అడిగే ప్రోగ్రామ్) అని ఆగిపోవచ్చు. ముందు బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ను పైకి తెచ్చి, విండోస్ దానంతటది తెరుచుకుంటోందని చూసుకున్నాకే ఆ పార్టిషన్ జోలికి వెళ్లు.