మీ ప్రశ్న – మా జవాబు: పేర్లు లేని జాబితా ఎందుకు?

ప్రశ్న: మా ఊళ్లో పక్కా ఇళ్లు ఎవరెవరికి మంజూరయ్యాయో, ఎంత బిల్లు చెల్లించారో జాబితా ఇమ్మని సమాచార హక్కు కింద అడిగాను. ‘వ్యక్తిగత సమాచారం, సెక్షన్ 8(1)(జె) ప్రకారం ఇవ్వలేం’ అని ఒక్క ముక్క రాసి పంపారు. ఇదివరకు ఇచ్చేవారు. ఇక దారి లేదా?
– ఒక పాఠకురాలు, పార్వతీపురం మన్యం జిల్లా

జవాబు: ఉందమ్మా. ముందు జరిగిందేమిటో చెబుతాను. వ్యక్తిగత వివరమైనా విశాల ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలని ఆ సెక్షన్‌లోనే ఉండేది. చట్టసభకు కాదనలేనిది పౌరుడికీ కాదనకూడదన్న మాటా ఉండేది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ రెండింటినీ తీసేసింది. ఆ సవరణ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది.

నాకిది చాలా బాధ. మండల ఆఫీసు రికార్డు గదిలో ఏళ్ల తరబడి పనిచేసినవాణ్ణి. ఒకసారి పింఛన్ల జాబితా గోడకు అంటిస్తే, ఓ పెద్దాయన మనవడితో చదివించుకున్నాడు. ఆయన పేరు ఎదురుగా ‘మృతి’ అని ఉంది! పేర్లు లేని జాబితా అయితే ఆ తప్పు బయటపడేదే కాదు. 1996లో రాజస్థాన్‌లోని బ్యావర్‌లో కూలీలు సమాచార హక్కు కోసం 40 రోజులు ధర్నాకు కూర్చుని అడిగినవీ మస్టర్ రోళ్లు (కూలీల హాజరు పట్టీలు), బిల్లులే. మస్టర్ అంటేనే పేర్లు కదమ్మా.

ఇప్పుడు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు రాయండి. సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడక్కముందే ప్రకటించాలని సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 4(1)(బి)(12) చెబుతోంది. దాన్నెవరూ ముట్టుకోలేదు. సెక్షన్ 8(2) కూడా అలాగే ఉంది: ప్రజాప్రయోజనం ఎక్కువైతే మినహాయింపు ఉన్నా ఇవ్వవచ్చు. ‘ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు కొట్టేసి మిగతాది ఇవ్వండి’ అని సెక్షన్ 10 పేరు చెప్పి మీరే రాయండి, సాకు మిగలదు. తిరస్కరణ సబబేనని రుజువు చేసుకోవలసింది అధికారే, మీరు కాదు. అది సెక్షన్ 19(5).

అక్కడా కాదంటే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. మొదటిదానికి మాత్రం, జవాబు మీకు అందిన రోజు నుంచి 30 రోజులే గడువు. ఆ కవరు పారేయకండి.