చీటీ రాని యూస్తు సంగతేంటి?

ప్రశ్న: మేం పెరంబూరులో ఉంటాం. మా చర్చి తెలుగు సంఘంలో ఈసారి కార్యదర్శి పదవికి మా ఆయన పేరూ, ఇంకొకరి పేరూ వచ్చాయి. ఓట్లు పెట్టకుండా చీటీలు వేస్తే ఆ ఇంకొకరికి వచ్చింది. ఆదివారం అందరికంటే ముందెళ్ళి కుర్చీలు వేసేదీ, మైకులు సెట్ చేసేదీ మా ఆయనే. మర్నాటి ఆదివారం పాస్టర్ గారు బైబిల్లో చీటీ వచ్చి అపొస్తలుడైన మత్తీయ మీద ప్రసంగం చేసి, చీటీ అంటే దేవుడి నిర్ణయం అన్నారు. అప్పట్నుంచి ఈయన గుడికి రావడం మానేశారు. ఏం చెప్పమంటారు?
- ఒక సోదరి, చెన్నై

జవాబు: మత్తీయను కాసేపు పక్కన పెట్టండమ్మా. మీ వారికి కావాల్సింది ఆ రోజు ఆయన పక్కన నిలబడ్డ రెండోవాడు. పేరు యోసేపు, బర్సబ్బా అనేవాళ్ళు, యూస్తు అని ఇంకో పేరు. అపొస్తలుల కార్యాలు మొదటి అధ్యాయంలో ఉంటాడు. యేసును పట్టించిన ఇస్కరియోతు యూదా పోయి అపొస్తలుల్లో పన్నెండో స్థానం ఖాళీ అయితే, దాదాపు 120 మంది కూడిన చోట పేతురు ఒక షరతు పెట్టాడు: యోహాను బాప్తిస్మం ఇచ్చిన నాటి నుంచి యేసు ఆరోహణం దాకా మాతో తిరిగినవాడై ఉండాలి. ఇద్దరూ దానికి సరిపోయారు. అంటే సువార్తల్లో ఎక్కడా పేరు రాకపోయినా యూస్తు మొదట్నుంచీ వెంటే ఉన్నాడన్నమాట. చీటీ మత్తీయకు వచ్చింది సరే, ఆయన మాత్రం తర్వాత కొత్త నిబంధనలో మళ్ళీ కనబడతాడా? కనబడడు. పదవి వచ్చినవాడిదీ రానివాడిదీ అక్కడితో ఒకటే కథ. యూస్తు విషం తాగినా ఏమీ కాలేదని తొలినాటి బిషప్ పాపియస్ చెప్పినట్టు 4వ శతాబ్దంలో సంఘ చరిత్రకారుడు యూసేబియస్ రాశాడు. నమ్మడం మీ ఇష్టం గానీ, అలిగి ఇంటికెళ్ళిపోయినవాడి మీద ఇలాంటి కథ పుడుతుందని నేననుకోను.

అలక మాటొచ్చింది కాబట్టి పన్నెండుమందిలో ఒకడైన అంద్రెయ గురించీ చెప్పాలి. యోహాను సువార్త ప్రకారం యేసు దగ్గరికి ముందు వెళ్ళింది ఈయన, తోబుట్టువు పేతురును పిలుచుకొచ్చిందీ ఈయనే. తీరా తన రూపం మారి వెలిగిన రూపాంతర కొండ మీదికి యేసు తీసుకెళ్ళింది పేతురు, యాకోబు, యోహానులను, చనిపోయిన కూతుర్ని బతికించిన యాయీరు ఇంట్లోకీ వాళ్ళనే. మన ఇళ్ళల్లో అయితే దీని మీద ఏళ్ళ తరబడి మాటలుండవు! అంద్రెయ మాత్రం వేలమందికి భోజనం పెట్టాల్సి వచ్చినప్పుడు ఐదు యవల రొట్టెలు, రెండు చేపలున్న కుర్రాణ్ణి వెతికి చూపించాడు (ఇంతమందికి ఇవి ఏ మూలకని కూడా అన్నాడు, అదే నాకు నచ్చుతుంది). గ్రీకులు యేసును చూస్తామని వస్తే ఫిలిప్పు ముందు వెళ్ళి చెప్పిందీ ఈయనకే. ఎగ్మోరులో 1821 నుంచి ఉన్న సెయింట్ ఆండ్రూస్ చర్చి ఈయన పేరు మీదదే.

ఇదంతా మీ వారికి ఇప్పుడే చదివి వినిపించకండి, ఇంకో ప్రసంగం అనుకుంటారు. అసలు మాట్లాడాల్సింది పాస్టర్ గారితో. ఆనాడు చీటీలు వేసేముందు ఇద్దరి అర్హతా చూశారు, ప్రార్థన చేశారు, అంతేగానీ చీటీ రానివాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి దాని మీద ప్రసంగం చేసినట్టు ఎక్కడా లేదు. పాస్టర్ గారిని ఒక సాయంత్రం మీ ఇంటికొచ్చి కాఫీ తాగి మాట్లాడమనండి, కొత్త కార్యదర్శిని కూడా వెంటబెట్టుకు రమ్మనండి. మైకు పని మళ్ళీ పట్టుకోవడం, పట్టుకోకపోవడం మీ వారి ఇష్టం. కొన్నాళ్ళు వెనక బెంచీలో కూర్చుని వాక్యం విని వచ్చేస్తానంటే అదీ మంచిదే, ఈలోగా కుర్చీలు వేసే పని మిగతావాళ్ళకూ అలవాటవుతుంది.