టెక్ సందేహాలు: బైక్‌కు ఛార్జింగ్ సాకెట్ పెట్టిస్తే కరెంటు ఎక్కడి నుంచి తీసుకోవాలి?

ప్రశ్న: నాది స్ప్లెండర్ ప్లస్, బీఎస్6 మోడల్. విజయవాడలో డెలివరీ పని. రోజంతా ఫోన్‌లో మ్యాప్ నడుస్తూనే ఉండాలి, మధ్యాహ్నానికే ఛార్జింగ్ అయిపోతోంది. హ్యాండిల్‌కు యూఎస్‌బీ సాకెట్ పెట్టిద్దామంటే ఒక మెకానిక్ నేరుగా బ్యాటరీకి ఇస్తానంటాడు, ఇంకొకరు హెడ్‌లైట్ వైరుకు కలిపేస్తే చాలంటాడు. ఏది మంచిది?

జవాబు: ఆ రెండూ వద్దు. సాకెట్ ఏ కంపెనీదన్నది తర్వాతి సంగతి, దానికి కరెంటు ఏ వైరు నుంచి తీశారన్నది ముందు చూడాలి. సాకెట్ పెట్టించాక బండి మొరాయించిందంటే చాలాసార్లు తప్పు ఆ ముడి దగ్గరే ఉంటుంది.

ముందు లెక్క చూద్దాం. మీ బండి బ్యాటరీ 12 వోల్టులు, 3 ఆంపియర్ అవర్లు. 5 వోల్టుల దగ్గర 2 ఆంపులిచ్చే మామూలు సాకెట్ ఫోన్‌కు 10 వాట్లు అందిస్తుంది. లోపల వేడిగా పోయేది కూడా కలిపితే బ్యాటరీ వైపు నుంచి 11, 12 వాట్లు, అంటే దాదాపు 1 ఆంప్ లాగుతుంది. ఇంజిన్ ఆపి ఒక గంట ఛార్జింగ్ పెడితే బ్యాటరీలో మూడో వంతు ఖాళీ. సెల్ఫ్ మోటారుకు ఆ మిగిలింది సరిపోకపోవచ్చు. పాత కార్బురేటర్ బండ్లలో చాలావాటికి బ్యాటరీ చచ్చిపోయినా కిక్కు కొడితే ఇంజిన్ అందుకునేది. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్6 ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో పెట్రోలు పంపు, ఇంజెక్టరు, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటరు) అన్నీ కరెంటు మీదే పనిచేస్తాయి. బ్యాటరీ బాగా పడిపోతే కిక్కు కొట్టినా ఆయాసమే మిగలొచ్చు. అందుకే తాళం తీసిన వెంటనే సాకెట్‌కు కరెంటు ఆగిపోవాలి. నేరుగా బ్యాటరీకి ఇస్తే ఆ ఆగడం ఉండదు.

ఇక హెడ్‌లైట్ వైరు. కొన్ని బండ్లలో హెడ్‌లైట్‌కు మాగ్నెట్ కాయిల్ (ఇంజిన్ తిరిగితే కరెంటు పుట్టించేది) నుంచి నేరుగా ఏసీ వస్తుంది. ఇంజిన్ వేగంతో పాటు అందులో వోల్టేజీ ఊగుతుంటుంది. యూఎస్‌బీ మాడ్యూల్‌కు కావాల్సింది డీసీ, ఏసీ తగిలితే కాలిపోతుంది. ఇంజిన్ ఆపి తాళం ఆన్ చేయండి. హార్న్ మోగి, హెడ్‌లైట్ మాత్రం వెలగలేదంటే ఆ వైరు జోలికి వెళ్లొద్దు. వెలిగినా సరే, అది ముందే పూర్తి లోడు మోస్తున్న వైరు. దాని మీద ఇంకో బరువు పెట్టడమెందుకు?

తాళం ఆన్ చేస్తేనే డీసీ వచ్చే వైరు ఇంకొకటి ఉంది, హార్న్‌ది. దీన్ని పట్టుకునేటప్పుడే చాలామంది పొరబడతారు. హార్న్ వెనక రెండు వైర్లుంటాయి. చాలా బండ్లలో హార్న్ బటన్ ఎర్త్ వైపు ఉంటుంది. అలాంటప్పుడు వైర్లు హార్న్‌కు ఉండగానే మల్టీమీటర్ పెడితే రెండింటి మీదా 12 వోల్టులే కనిపిస్తాయి, ఎందుకంటే ఒక వైపు వచ్చిన వోల్టేజీ హార్న్ కాయిల్ గుండా రెండో వైపుకూ చేరుతుంది. అందుకని రెండు వైర్లనూ హార్న్ నుంచి పీకండి. అవి ఇనుముకు తగలకుండా చూసుకుని తాళం ఆన్ చేయండి, బటన్ నొక్కకండి. మీటర్ నల్ల ప్రోబ్‌ను ఇంజిన్ బోల్టుకు పెట్టి, ఎర్ర ప్రోబ్‌ను ఒక్కో వైరుకూ తాకించండి. 12 వోల్టులు చూపించేదే సప్లై. తాళం ఆఫ్ చేయగానే అది సున్నా అవ్వాలి. అవ్వకపోతే అది మీకు కావాల్సిన వైరు కాదు.

10 వాట్ల సింగిల్ పోర్టు సాకెట్‌కైతే ఈ సప్లై వైరు నుంచే, 3 ఆంప్ ఫ్యూజు మీదుగా ఇచ్చేయొచ్చు. 18 వాట్ల ఫాస్ట్ ఛార్జర్‌కైనా, రెండు పోర్టుల దానికైనా రిలే (సన్న వైరులోని కొద్ది కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు) పెట్టించండి. రోజంతా వాడే బండి కాబట్టి మీకు రిలేనే నా సలహా. కావాల్సినవి ఇవి: 12 వోల్టుల 4 పిన్నుల రిలే దాని హోల్డరుతో సహా, బ్లేడ్ ఫ్యూజు హోల్డరు, 5 ఆంప్ ఫ్యూజులు రెండు (లేత గోధుమ రంగువి, ఒకటి స్పేర్), 1 స్క్వేర్ ఎంఎం మల్టీ స్ట్రాండ్ రాగి వైరు ఎరుపు 2 మీటర్లు, నలుపు 2 మీటర్లు, బ్యాటరీ బోల్టుకు సరిపోయే రింగ్ లగ్గులు, హీట్ ష్రింక్ స్లీవ్, పది పన్నెండు జిప్ టైలు. ఇంటి వైరింగులో వాడే గట్టి ఒంటి తీగ పనికిరాదు. హ్యాండిల్ తిరిగే చోట రోజూ వంగి వంగి లోపలే తెగిపోతుంది, పైకి మాత్రం బాగానే కనబడుతుంది.

బ్యాటరీ విప్పేటప్పుడు ముందు మైనస్, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, ఆఖరున మైనస్. ప్లస్ ముందు విప్పబోతే పానా ఛాసిస్‌కు తగిలిన క్షణంలో నేరుగా షార్ట్ అవుతుంది, పానా అతుక్కుపోయేంత నిప్పు లేస్తుంది.

రిలే కాళ్ల మీద నంబర్లుంటాయి. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చిన వైరు 30కి. 87 నుంచి సాకెట్ ప్లస్‌కు. హార్న్ సప్లై నుంచి తీసిన సన్న వైరు 86కి. 85 బ్యాటరీ మైనస్‌కు. సాకెట్ మైనస్ కూడా బ్యాటరీ మైనస్‌కే ఇవ్వండి. పెయింట్ వేసిన ఛాసిస్ బోల్టుకు ఇస్తే కొన్నాళ్లకు తుప్పు పట్టి, ఛార్జింగ్ వస్తూ పోతూ ఉంటుంది. ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరంలోపే ఉండాలి. ఫ్యూజు కాపాడేది సాకెట్‌ను కాదు, వైరును. ఫ్యూజు సాకెట్ దగ్గర పెడితే, ట్యాంకు కింద వైరు ఒరుసుకుపోయి ఇనుముకు తగిలిన రోజున ఆ మధ్యలోని వైరంతా కాలుతుంది, ఆపేవాడుండడు. పైనే పెట్రోలు ట్యాంకు ఉందని గుర్తుపెట్టుకోండి.

వైరు చర్మం గీకి, చుట్టి, నల్ల టేపు వేసే పద్ధతికి ఒప్పుకోకండి. ఇంజిన్ వేడికి టేపు జిగురు కరిగి జారిపోతుంది. సోల్డర్ చేసి స్లీవ్ వేయమనండి, లేదా క్రింప్ కనెక్టర్లు వాడమనండి. వారంటీలో ఉన్న బండైతే కంపెనీ వైరింగ్ కిట్‌ను కోయనివ్వొద్దు. హార్న్ దగ్గర రెండు కొసలకు చీలే కనెక్టర్ పెడితే కోత లేకుండానే పని జరుగుతుంది. కొత్త వైరును పాత వైరింగ్ కిట్ వెంటే ట్యాంకు కింద నడిపించి, సైలెన్సర్ బెండుకూ ఇంజిన్ హెడ్డుకూ దూరంగా కట్టాలి. క్లచ్ కేబుల్‌కో, ఎక్స్‌లేటర్ కేబుల్‌కో జిప్ టై వేయనివ్వకండి. అంతా అయ్యాక హ్యాండిల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి చూడండి. వైరు ఎక్కడా బిగిసిపోకూడదు, ఎక్స్‌లేటర్ వదిలితే టప్పున వెనక్కి రావాలి.

ఆఖరి పరీక్ష. పూర్తి ఛార్జ్ ఉన్న బ్యాటరీ ఇంజిన్ ఆపి కాసేపు ఉంచాక 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. ఇంజిన్ కాస్త వేగంగా తిరుగుతున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్యకు రావాలి. ఇప్పుడు ఐడిలింగ్‌లో హెడ్‌లైట్ వేసి, బ్రేకు నొక్కి, ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి చూడండి. 12.8 కంటే దిగిందంటే ఆ సమయంలో బ్యాటరీయే మోస్తోంది. సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలైతే ఫర్వాలేదు, దారిలో మళ్లీ నిండుతుంది. హోటల్ ముందు ఆర్డరు కోసం పావుగంట ఆగినప్పుడు మాత్రం తాళం తీసేయండి.

ప్రశ్న: నా స్కూటర్‌కు వోల్టేజీ అంకెలు నీలంగా వెలిగే యూఎస్‌బీ సాకెట్ పెట్టించాను. అప్పటి నుంచి నాలుగైదు రోజులు బయటకు తీయకపోతే సెల్ఫ్ అందుకోవడం లేదు. బ్యాటరీ కొత్తదే. (నల్గొండ)

జవాబు: ఫోన్ పెట్టకపోయినా ఆ అంకెలు, లోపలి సర్క్యూటు కొంత కరెంటు తింటూనే ఉంటాయి. అది 15 మిల్లీ ఆంపులే అనుకున్నా రోజుకు 0.36 ఆంపియర్ అవర్లు. ఐదు రోజులకు 1.8. మీ స్కూటర్ బ్యాటరీ 3 ఆంపియర్ అవర్లదైతే సగానికి పైగా పోయినట్టే. కాబట్టి బ్యాటరీ మార్చినా ఇదే కథ.

నిజంగా ఎంత పోతోందో కొలవొచ్చు. తాళం తీసేసి, బ్యాటరీ మైనస్ వైరు విప్పి, ఆ వైరుకూ మైనస్ టెర్మినల్‌కూ మధ్య మల్టీమీటర్‌ను పెట్టండి. ముందు 10 ఆంప్ రేంజిలో, తక్కువని తేలాక మిల్లీ ఆంప్ రేంజిలో. మీటర్ అలా ఉండగా తాళం ఆన్ చేయొద్దు, సెల్ఫ్ నొక్కొద్దు, మీటర్ లోపలి ఫ్యూజు పోతుంది. ఇప్పుడు సాకెట్ కనెక్టర్ పీకండి. అంకె ఒక్కసారిగా పడిపోయిందంటే దొంగ దొరికినట్టే. సాకెట్ సప్లైని పైన చెప్పినట్టు తాళంతో వచ్చే వైరుకు మార్పించండి. అంకెలున్న సాకెట్‌ను పారేయక్కర్లేదు, బండి నడుస్తుండగా వోల్టేజీ కనిపించడం మంచిదే. ఎప్పుడైనా 13 దాటకుండా ఉండిపోతుంటే ఆర్ఆర్ యూనిట్‌నో (కాయిల్ ఏసీని డీసీగా మార్చి వోల్టేజీని అదుపులో ఉంచేది) కాయిల్‌నో చూపించాలని ముందే తెలుస్తుంది.

ప్రశ్న: కరీంనగర్ నుంచి స్పితి దాకా బుల్లెట్ మీద వెళ్తున్నాం. కార్లలో ఉండే సిగరెట్ లైటర్ సాకెట్ పెట్టిస్తే టైరు పంపు, ల్యాప్‌టాప్ రెండూ నడుస్తాయా?

జవాబు: ల్యాప్‌టాప్ ఆలోచన మానుకోండి. 65 వాట్ల ఛార్జర్ బ్యాటరీ వైపు నుంచి 6 ఆంపుల దాకా లాగుతుంది. హెడ్‌లైట్ ఎప్పుడూ వెలిగే బండిలో కాయిల్ మిగిల్చేది అంత ఉండదు. అది లాడ్జిలో గోడకు పెట్టుకునే పని.

టైరు పంపు ఇంకా ఎక్కువ తింటుంది. చిన్న పంపులే 8, 10 ఆంపులు లాగుతాయి. అయితే ఐదారు నిమిషాల పని కాబట్టి నడుస్తుంది, ఇంజిన్ ఆన్‌లో ఉంచి వాడండి. కాకపోతే దానికి 5 ఆంప్ ఫ్యూజు, 1 స్క్వేర్ ఎంఎం వైరు చాలవు. బ్యాటరీ నుంచి నేరుగా 2.5 స్క్వేర్ ఎంఎం వైరు, 15 ఆంప్ ఫ్యూజు (నీలం రంగుది) వేసి, కొసన మూతున్న రెండు పిన్నుల కనెక్టర్‌ను సీటు కింద దాచుకోండి. సిగరెట్ లైటర్ సాకెట్ బైక్‌కు అంతగా నప్పదు. గుంతల్లో కుదుపులకు ప్లగ్గు వదులై, స్పార్కు వచ్చి, లోపల స్ప్రింగు దగ్గర ప్లాస్టిక్ కరుగుతుంది. నోరు పెద్దది కాబట్టి వాన నీళ్లు కూడా చేరతాయి.

ఫోన్లు, కెమెరాలకు పవర్ బ్యాంకు మధ్యలో పెట్టుకోండి. పగలు బండి నడుస్తుండగా యూఎస్‌బీ సాకెట్ నుంచి ట్యాంక్ బ్యాగులోని పవర్ బ్యాంకు నిండుతుంది, రాత్రి దాని నుంచి ఫోన్లు. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు అంటే దాదాపు 74 వాట్ అవర్లు. 10 వాట్ల సాకెట్ మీద నిండడానికి ఎనిమిది గంటలు పైనే పడుతుంది, ఒక పూర్తి రోజు ప్రయాణం అనుకోండి. 2021లో వచ్చిన కొత్త క్లాసిక్ 350కి అయితే క్లచ్ లివర్ కింద కంపెనీ యూఎస్‌బీ పోర్టు ఉంది. మీ బండి అదే అయితే ఫోన్ కోసం ఇంకేమీ కోయించొద్దు.

ప్రశ్న: ఎండలో బైక్ మీద పెడితే ఫోన్ ఛార్జింగ్ ఆగిపోతోంది. సాకెట్ పాడైందా?

జవాబు: సాకెట్ తప్పు కాకపోవచ్చు. మే నెలలో బయట 43 డిగ్రీలుంటే, ఎండకు ఎదురుగా స్క్రీన్ పూర్తి వెలుతురుతో ఉన్న ఫోన్ లోపల వేడి ఇంకా చాలా ఎక్కువ. లిథియం బ్యాటరీని కాపాడుకోవడానికి ఫోనే ఛార్జింగ్ తగ్గిస్తుంది, చివరికి ఆపేస్తుంది. ఫాస్ట్ ఛార్జింగ్ అయితే ఇంకా త్వరగా. ఎండాకాలం మామూలు 10 వాట్ల పోర్టే వాడండి, నల్ల రబ్బరు కవరు తీసేయండి, మ్యాప్ గొంతు బ్లూటూత్ ఇయర్‌ఫోన్ ఒకదాంట్లో వినిపించేలా పెట్టి స్క్రీన్ ఆపేయండి.

నీడలో కూడా ఆగిపోతుంటే కేబుల్ మార్చి చూడండి. మీటరున్నర పొడవు సన్న కేబుల్‌లో వోల్టేజీ దారిలోనే పడిపోతుంది. బైక్‌కు 30 సెంటీమీటర్ల పొట్టిది, ఎల్ ఆకారపు పిన్నున్నది చాలు. పోర్టులో పచ్చటి చిలుము కనబడితే నీళ్లు దిగినట్టు. కరెంటు ఉండగా తడిసిన పిన్నులు కొద్ది రోజుల్లోనే తినేసుకుపోతాయి. సాకెట్‌ను నోరు కిందికి వాలేలా బిగించి, వాడనప్పుడు రబ్బరు మూత పెట్టాలి.

ఇంకో సంగతి. ఖరీదైన ఫోన్‌ను గట్టి మెటల్ మౌంటుతో హ్యాండిల్‌కు బిగిస్తే ఇంజిన్ అదురు కెమెరాకు చేరుతుంది. ఆపిల్ 2021లో ఐఫోన్ల గురించి ఇదే హెచ్చరించింది: ఎక్కువ కాలం అలాంటి అదురు తగిలితే కెమెరాలోని స్టెబిలైజేషన్ (ఫొటో కదిలిపోకుండా చూసే ఏర్పాటు) దెబ్బతినొచ్చని. అదురు తగ్గించే రబ్బరు డ్యాంపరున్న మౌంటు తీసుకోండి, లేదా పాత ఫోన్‌ను మ్యాప్ కోసం కేటాయించండి.

ప్రశ్న: ఎలక్ట్రిక్ స్కూటర్‌కు పెద్ద బ్యాటరీ ఉంటుంది కదా, దాన్నుంచే సాకెట్ తీసుకోవచ్చా? (అనంతపురం)

జవాబు: వద్దు. నడిపించే బ్యాటరీ 48 వోల్టులో, అంతకంటే ఎక్కువో ఉంటుంది. 12 వోల్టుల సాకెట్ దాని మీద క్షణం కూడా నిలవదు. షార్ట్ అయితే ఆ బ్యాటరీ ఇచ్చే కరెంటు మామూలు బైక్ బ్యాటరీ స్థాయిలో ఉండదు, మంటలకు దారితీయొచ్చు, వారంటీ పోతుంది. లైట్లు, హార్న్ కోసం బండిలో విడిగా డీసీ కన్వర్టర్ ఉంటుంది, దాని లోడు కూడా కంపెనీ లెక్కగట్టి పెట్టిందే. డిక్కీలో యూఎస్‌బీ పోర్టు ఇచ్చి ఉంటే దాన్నే వాడండి. లేకపోతే సర్వీస్ సెంటర్‌లో కంపెనీ యాక్సెసరీగా దొరుకుతుందేమో అడగండి, బయటి షాపులో విప్పించొద్దు.