గుహ రాళ్లలో ధాత కరువు కనిపిస్తుందా?

ప్రశ్న: కర్నూలు ప్రాంతంలోని వాల్మీకి గుహలో నేల మీద నుంచి పెరిగిన సున్నపు స్తంభాన్ని కోసి, వేల ఏళ్ల కిందటి వానల సంగతి చెప్పారని చదివాను. మా అవ్వావాళ్లు చెప్పుకున్న ధాత కరువు (1876–78) కూడా అట్లా తేలుతుందా? – ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: కష్టమే. నీటిలోని ఆక్సిజన్ అంతా ఒకే బరువుది కాదు. అందులో 0.2 శాతం దాకా బరువైన ఆక్సిజన్–18 ఉంటుంది. వానలు దండిగా పడిన కాలంలో దాని పాలు తగ్గుతుంది, అరకొర వానల్లో పెరుగుతుంది. ఆ నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని, సున్నపురాతిని కరిగిస్తూ గుహలోకి దిగుతుంది. గుహ గాలి తగలగానే ఆ వాయువు ఎగిరిపోయి సున్నం స్తంభం మీద పొరగా పేరుకుంటుంది. నీటిలోని ఆక్సిజన్–18 గుర్తు ఆ పొరలో నిలుస్తుంది.

ఇప్పుడు లెక్క వేయండి. స్తంభం ఏడాదికి 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పెరిగిందనుకుంటే మూడేళ్ల కరువుకు దక్కేది 0.15 మిల్లీమీటర్లు. పళ్ల డాక్టరు వాడేలాంటి సన్న డ్రిల్లుతో అర మిల్లీమీటరు మేర పొడి తీశారా, పదేళ్ల వానలు ఒక్క చిటికెలో కలిసిపోయినట్టే. ఇంకా సన్నగా తీసినా చిక్కు తీరదు. కప్పు పగుళ్లలో నెలలు, ఒక్కోసారి ఏళ్లు నిలిచిన పాత నీరు కొత్త నీటితో కలిసే కారుతుంది. కరువు మరీ ముదిరితే చుక్కే ఆగిపోతుంది, ఆ ఏళ్లకు పొరే ఉండదు. వాల్మీకి గుహ రాయి చెప్పింది సుమారు 15,700 నుంచి 14,700 ఏళ్ల కిందటి కాలం గురించి. ఏ ఏడు పంట ఎండిందో ఇలాంటి రాయి చెప్పదు. ఏ దశాబ్దాల్లో రుతుపవనం బలహీనపడిందో చెబుతుంది.

ప్రశ్న: పొరలు లెక్కపెడితే వయసు తెలియదా?

జవాబు: ప్రతి పొరా ఒక ఏడాదే అన్న నమ్మకం లేదు. అందుకే యురేనియం–థోరియం పద్ధతి. యురేనియం నీటిలో కరిగి రాయిలోకి వస్తుంది, థోరియం దాదాపుగా కరగదు. కాబట్టి పొరలో కనిపించే థోరియం–230 ఆ యురేనియం మెల్లగా క్షీణించి అక్కడే పుట్టిందని లెక్క. అది ఎంత పోగైతే పొర అంత పాతది. ఒక్కో తేదీకి సుమారు 100 మిల్లీగ్రాముల పొడి కావాలి. వరదతో వచ్చిన ఎర్రమట్టి పొరలో ఇరుక్కుంటే బయటి థోరియం కలిసి వయసు ఎక్కువ చూపిస్తుంది. అందుకే గోధుమరంగు చారలను తప్పించి, తెల్లటి గట్టి పొరనే ఎంచుకుంటారు.

ప్రశ్న: బేలం దగ్గర మా కాలేజీ పిల్లలతో గుహ చుక్కనీరు సేకరించి పరీక్షకు పంపాలనుంది. ఎట్లా?

జవాబు: ముందు గుహను చూసుకునే శాఖ అనుమతి తీసుకోండి. స్తంభాలను ముట్టుకోవద్దు, చేతి జిడ్డు అంటితే ఆ చోట సున్నం సరిగా పేరుకోదు. దీపాలు, జనం, గాలి రాకపోకలు ఉన్న దారిని వదిలి, తేమగా, గాలి కదలని మూల వెతకండి. నీరు గుహలోనే ఆవిరైతే మిగిలినదానిలో ఆక్సిజన్–18 పెరిగి, మంచి వానాకాలం కూడా కరువులా కనిపిస్తుంది. ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే: బకెట్ పెట్టిపోయి, నెల తర్వాత వచ్చి అందులో నిలిచిన నీరు తీసుకోవడం. చుక్క కింద గరాటు పెట్టి 15 మిల్లీలీటర్ల సీసాను అంచు దాకా నింపండి. గాలి బుడగ లేకుండా మూత బిగించి, టేపు చుట్టి, చల్లటి చీకటి చోట ఉంచండి. తేదీ, నిమిషానికి ఎన్ని చుక్కలు, గుహ ఉష్ణోగ్రత, తేమ రాయండి. ఇలా తాజా చుక్కలనే నెలనెలా పట్టండి, కనీసం రెండేళ్లు.

బయట వాననీరు కూడా పట్టాలి. ఆ సీసాలో అర సెంటీమీటరు పారఫిన్ నూనె పోస్తే నీరు ఆవిరి కాదు. జూన్–సెప్టెంబరు వానను, అక్టోబరు–నవంబరు వానను వేర్వేరుగా ఉంచండి. దక్షిణాదిలో ఈశాన్య రుతుపవనపు వానలో ఆక్సిజన్–18 సాధారణంగా తక్కువ. ఈ రెండింటి వాటా మారితే, మొత్తం వాన మారకున్నా రాయిలో ఆక్సిజన్–18 అంకె మారుతుంది. సీమ గుహల్లో పనిచేసేవాళ్లకు అసలు తలనొప్పి ఇదే.

ప్రశ్న: పైనుంచి వేలాడే ఊడలను ఎందుకు వాడరు?

జవాబు: నీరు వాటి చుట్టూ జారుతుంది కాబట్టి పొరలు గజిబిజిగా ఉంటాయి, నడుమ తరచూ బోలు. కింది స్తంభంలో మాత్రం దోసెల దొంతరలా ఒకదానిపై ఒకటి పడతాయి.