మొదటి కౌంట్‌లో ఆరో స్థానం, ఆఖరికి సీటు: ఐర్లండ్ కౌన్సిల్ ఫలితాలపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఐర్లండ్ స్థానిక ఎన్నికల ఫలితాల గురించి అక్కడ ఉంటున్నవాళ్ల నుంచి, ఇక్కడున్న వాళ్ల తల్లిదండ్రుల నుంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులిస్తున్నాం. ఇందులోని ఫలితాలు 2024 జూన్ 7న జరిగిన ఎన్నికలవి.

ప్రశ్న: మా అబ్బాయి డబ్లిన్ దగ్గర ఉంటాడు. వాళ్ల ఏరియా ఫలితాల పట్టిక పంపాడు. ఉన్నవి ఐదు సీట్లు. మొదటి లెక్కలో ఆరో స్థానంలో ఉన్నాయన గెలిచాడు, ఐదో స్థానంలో ఉన్నావిడ ఓడిపోయింది. పైగా గెలిచినాయన, గెలుపుకు కావాల్సిన ఓట్ల సంఖ్య అంటే కోటా కూడా దాటలేదట. ఇదేం లెక్కండీ? (గుంటూరు)

జవాబు: మన జడ్పీటీసీ ఎన్నికలను మనసులో పెట్టుకుని చూస్తే ఈ పట్టిక అర్థం కాదు. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికను గుర్తు తెచ్చుకోండి. మొదటి ప్రాధాన్యత ఓటు, రెండో ప్రాధాన్యత ఓటు, ఎలిమినేషన్ అన్నీ ఇక్కడా అవే. ఒక్కటే తేడా. ఎమ్మెల్సీకి ఒక్క సీటే కాబట్టి కోటా అంటే సగానికి పైన ఒక ఓటు. ఐర్లండ్‌లో ఒక్కో ఎన్నికల ఏరియాకు మూడు నుంచి ఏడు దాకా సీట్లుంటాయి. దేశం మొత్తం మీద 31 కౌన్సిళ్లు, 166 ఏరియాలు, 949 సీట్లు.

కోటా లెక్క ఇది: చెల్లిన ఓట్లను సీట్ల సంఖ్యకు ఒకటి కలిపి భాగించాలి, వచ్చినదానికి ఒకటి కలపాలి, భిన్నం ఉంటే వదిలేయాలి. ఐదు సీట్లు, 12,000 చెల్లిన ఓట్లు అనుకుందాం. 12,000ను 6తో భాగిస్తే 2,000, ఒకటి కలిపితే 2,001. అదీ కోటా.

ఉదాహరణకు మొదటి కౌంట్‌లో ఎ-కి 2,601, బి-కి 1,850, సి-కి 1,700, డి-కి 1,500, ఇ-కి 1,240, ఎఫ్-కి 1,150 వచ్చాయి. మిగతా ఓట్లు ముగ్గురు చిన్న అభ్యర్థులవి. ఎ గెలిచినట్టే, ఇంకా 600 మిగులు ఉంది. ఈ 600 ఎవరికి పోవాలో తేల్చడానికి ఎ-కి వచ్చిన 2,601 బ్యాలెట్లనూ మళ్లీ తిరగేసి, రెండో ప్రాధాన్యత ప్రకారం కట్టలు కడతారు. 201 మంది రెండో అంకె వేయనే లేదు. మిగిలిన 2,400లో బి-కి 1,200, సి-కి 800, డి-కి 400 ఉన్నాయి. మిగులు 600 కాబట్టి ప్రతి కట్టలో నాలుగో వంతు కదులుతుంది: బి-కి 300, సి-కి 200, డి-కి 100. ఫలితాల పట్టికలో రెండో కౌంట్ కింద ప్లస్ గుర్తుతో కనిపించే అంకెలు ఇవే. ఎ ఎదుట మైనస్ 600 ఉంటుంది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి. కదిలేది ఓటు విలువలో భాగం కాదు, అసలు కాగితాలే. బి పేరున కట్టిన 1,200 కాగితాల్లో పైనున్న, అంటే చివరగా పేర్చిన 300 తీసి బి కట్టలో కలుపుతారు. ఆ 300 కాగితాల మీద మూడో అంకె ఎవరికుందనేది కొంతవరకు అదృష్టమే. అందుకే లెక్క మొదలయ్యే ముందు బ్యాలెట్లన్నీ బాగా కలపాలన్న నిబంధన పెట్టారు. పార్లమెంటు ఎగువ సభ సెనెట్ ఎన్నికల్లో ఓటు విలువను భిన్నాలుగా పంచుతారు. కౌన్సిల్‌కు, పార్లమెంటు దిగువ సభ డోల్‌కు ఆ పద్ధతి లేదు. మా అభిప్రాయంలో ఈ విధానంలో ఉన్న అసలైన లోపం ఇదే.

ఇప్పుడు బి-కి 2,150 అయ్యాయి, కోటా దాటింది, మిగులు 149. ఈసారి బి-కి వచ్చిన అన్ని కాగితాలనూ చూడరు. చివరగా వచ్చిన ఆ 300 మాత్రమే చూస్తారు. అంటే బి-కి మొదటి ఓటు వేసిన 1,850 మంది రెండో ప్రాధాన్యతలు ఈ మిగులు పంపకంలో లెక్కకే రావు.

మిగులు పంచాక కూడా సీట్లు నిండకపోతే అందరికన్నా తక్కువున్నవారిని తొలగిస్తారు. ఆ ముగ్గురు చిన్న అభ్యర్థుల్లో 610 ఓట్లున్న హెచ్ పోయాడనుకోండి. ఆయన కాగితాలన్నీ తర్వాతి ప్రాధాన్యతకు పోతాయి. అందులో ఎఫ్-కి 330, ఇ-కి 90 వచ్చాయంటే ఎఫ్ 1,480, ఇ 1,330 అవుతారు. మీరు చూసిన తారుమారు ఇలాగే జరిగి ఉంటుంది. ఒకే ఊరి వాళ్లు, ఒకే పార్టీ వాళ్లు, ఒకే సమస్య మీద పోరాడినవాళ్లు తొలగిపోయినప్పుడు ఇలాంటి మార్పులు ఎక్కువ.

చివర్లో మిగిలిన అభ్యర్థులు, మిగిలిన సీట్లు సమానమైతే ఇక లెక్కపెట్టాల్సిన పని లేదు. కోటా అందకపోయినా వాళ్లు గెలిచినట్టే ప్రకటిస్తారు. అప్పటికి చాలా కాగితాల మీద అంకెలు అయిపోయి ఉంటాయి కాబట్టి చివరి సీటుకు కోటా అందకపోవడం మామూలే. అందుచేత పట్టికను మొదటి నిలువు వరుస చూసి మూసేయకండి. ఎవరు పోయినప్పుడు ఎవరికి ఎంత వచ్చిందో అడ్డంగా చదవండి, రాజకీయమంతా అక్కడే ఉంటుంది.

ప్రశ్న: రెండో ప్రాధాన్యత వేరే పార్టీకి ఇస్తే నా మొదటి అభ్యర్థికి నష్టమా? (టాలా, డబ్లిన్)

జవాబు: నష్టం లేదు. మీ మొదటి అభ్యర్థి గెలిచి మిగులు వస్తేనో, తొలగిపోతేనో తప్ప మీ రెండో అంకె వైపు ఎవరూ చూడరు. అన్ని గడులూ నింపాల్సిన పని కూడా లేదు. కానీ ఒక్క అంకెతో ఆపేస్తే, మీ అభ్యర్థి తొలగిపోయిన మరుక్షణం మీ కాగితం పక్కన పెట్టేస్తారు. అసలు వద్దనుకున్నవాళ్లకు తప్ప మిగతా అందరికీ వరుసగా అంకెలు వేయడం మంచిది.

ప్రశ్న: బ్యాలెట్ ఎప్పుడు చెల్లదు? టిక్ పెట్టొచ్చా? (గాల్వే)

జవాబు: 1 అనే అంకె ఒకే పేరు ఎదుట స్పష్టంగా ఉండాలి. ఒకే ఒక్క పేరు ఎదుట టిక్ ఉంటే రిటర్నింగ్ అధికారి దాన్ని మొదటి ప్రాధాన్యతగా తీసుకోవచ్చు, కానీ ఆ నిర్ణయం ఆయనది. మీరు ఆ అవకాశం ఆయనకు ఎందుకివ్వాలి? ఇద్దరికి 1 వేస్తే కాగితం చెల్లదు. 1, 2 వేసి 3 వదిలి 4 వేస్తే మొదటి రెండు చెల్లుతాయి, అక్కడితో ఓటు ఆగిపోతుంది. 3 అంకె రెండుసార్లు పడినా అంతే. ఓటరెవరో తెలిసేలా పేరో సంతకమో ఉంటే చెల్లదు. బూత్‌లో పెన్సిలే ఇస్తారు, కంగారు పడక్కర్లేదు. వయొలెట్ రంగు పెన్నుతో వేయాలన్న మన ఎమ్మెల్సీ ఎన్నికల నిబంధన అక్కడ లేదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు ఇంకొకటి ఉంది. కౌన్సిల్ ఎన్నిక, ఐరోపా పార్లమెంటు ఎన్నిక తరచూ ఒకే రోజు వస్తాయి. చేతికి రెండు కాగితాలిస్తారు. ఒకదాని మీద 1, 2 వేసి, రెండోదాని మీద 3, 4, 5 అని కొనసాగించేవాళ్లున్నారు. 2014లో కెర్రీ కౌంటీలోని లిస్టోవెల్ ఏరియాలో ఇలాంటి కాగితాలను 1, 2, 3గా భావించి లెక్కించారు. ఓడిన అభ్యర్థి డాన్ కైలీ కోర్టుకెక్కారు. అలా లెక్కించడం తప్పని 2015లో సుప్రీంకోర్టు తేల్చి, మళ్లీ లెక్కించమంది. కాబట్టి ప్రతి కాగితం మీదా 1 నుంచే మొదలుపెట్టండి. లిమరిక్ వాళ్లకైతే 2024లో మూడు కాగితాలొచ్చాయి. ప్రజలు నేరుగా మేయర్‌ను ఎన్నుకోవడం ఐర్లండ్‌లో అదే మొదలు. జాన్ మోరన్ గెలిచారు.

ప్రశ్న: శుక్రవారం పోలింగ్ అయితే ఆదివారానికి కూడా లెక్క తేలదు. యంత్రాలు లేవా? (హైదరాబాద్)

జవాబు: కొన్నారు. 2002లో మూడు నియోజకవర్గాల్లో ప్రయోగాత్మకంగా వాడారు కూడా. ఓటు సరిగ్గా పడిందో లేదో సరిచూసుకోవడానికి కాగితం ఆధారం లేదన్న అభ్యంతరం మీద ఆగిపోయాయి. 5 కోట్ల యూరోలకు పైగా ఖర్చు పెట్టాక 2009లో ఆ పథకాన్ని వదిలేశారు, 2012లో యంత్రాలను తుక్కు కింద అమ్మేశారు. అప్పటి నుంచి మళ్లీ ఆ మాట ఎత్తేవాళ్లు తక్కువ.

మరుసటి ఉదయం పెట్టెలు తెరిచి, కాగితాలు రకాలవారీగా విడదీసి, ఎన్ని ఉన్నాయో సరిచూసి, తర్వాత మొదటి ప్రాధాన్యతలు వేరుచేస్తారు. అక్కడి నుంచి ఒక్కో కౌంట్‌కు గంటో రెండు గంటలో. పదిహేను మంది పోటీలో ఉంటే పది పన్నెండు కౌంట్లు సాధారణం. హైదరాబాద్–రంగారెడ్డి–మహబూబ్‌నగర్ పట్టభద్రుల స్థానానికి 2021లో 93 మంది నిలబడితే లెక్కింపు రోజుల తరబడి సాగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది.

ఫలితం తొందరగా కావాలంటే ట్యాలీ చూడండి. పెట్టె తెరిచి కాగితాలు విప్పుతున్నప్పుడు అడ్డుకట్ట ఇవతల నిలబడ్డ పార్టీల కార్యకర్తలు ఒక్కో కాగితం మీది 1 చూసి చీటీ మీద గీతలు గీస్తారు. వీళ్లను ట్యాలీమెన్ అంటారు. పార్టీల మధ్య పోరు ఎంతున్నా ఈ లెక్కలు తరచూ కలిపి పంచుకుంటారు. ఏ కాలనీ పెట్టెలో ఎవరికెన్ని అన్నది కూడా ఇక్కడే తెలుస్తుంది. అధికారిక ఫలితంలో ఆ వివరం ఉండదు. మధ్యాహ్నానికల్లా మొదటి కౌంట్ అంచనా దాదాపు సరిగ్గా వచ్చేస్తుంది. చివరి సీటు మాత్రం ట్యాలీతో చెప్పడం కష్టం.

ప్రశ్న: మొత్తానికి 2024లో గెలిచిందెవరు? చైర్మన్ ఎలా తేలతారు? (విజయవాడ)

జవాబు: సీట్లలో ఫియానా ఫాల్‌కు 248, ఫినా గేల్‌కు 245, షిన్ ఫేన్‌కు 102, లేబర్‌కు 56, సోషల్ డెమొక్రాట్లకు 35, గ్రీన్స్‌కు 23 వచ్చాయి. స్వతంత్రులు 180 మందికి పైనే. 2019లో షిన్ ఫేన్‌కు 81 ఉండేవి. పెరిగినా, సర్వేలను బట్టి ఆశించినదానికి చాలా తక్కువ. గ్రీన్స్ 49 నుంచి సగానికన్నా దిగువకు పడిపోయారు.

ఒక కౌన్సిల్‌లో ఒకే పార్టీకి సగం దాటడం అరుదు. సౌత్ డబ్లిన్‌లో 40 సీట్లు, అంటే 21 కావాలి. అందుకే ఫలితాలు వచ్చిన రెండు వారాల్లో జరిగే మొదటి సమావేశానికి ముందే బేరాలు నడుస్తాయి. చైర్మన్ పదవి, కొన్ని చోట్ల దాన్నే మేయర్ అంటారు, ఏడాదికొకరిది. ఐదేళ్ల ఐదు పదవులను పార్టీలు, స్వతంత్రులు ముందుగానే పంచుకుంటారు. 2024లో సౌత్ డబ్లిన్ మేయర్ పదవి కేరళ నుంచి వెళ్లిన బేబీ పెరెప్పాడన్‌కు దక్కింది, ఆయనది ఫినా గేల్.

ప్రశ్న: నేను వర్క్ పర్మిట్ మీద ఉన్నాను. పౌరసత్వం లేదు. ఓటు ఉంటుందా? పోటీ కూడా చేయొచ్చా? (కార్క్)

జవాబు: రెండూ చేయొచ్చు. స్థానిక ఎన్నికలకు 18 ఏళ్లు నిండి అక్కడ నివాసం ఉంటే చాలు, ఏ దేశస్థులైనా సరే. మీ పీపీఎస్ నంబరు (అక్కడి వ్యక్తిగత గుర్తింపు సంఖ్య), పుట్టిన తేదీ, ఇంటి ఎయిర్‌కోడ్ (పోస్టల్ కోడ్) దగ్గర పెట్టుకుని ఓటర్ల జాబితా వెబ్‌సైట్‌లో నమోదు చేసుకోండి. పోలింగ్‌కు రెండు మూడు వారాల ముందే గడువు ముగుస్తుంది, ఆదివారాలు, సెలవులు ఆ లెక్కలోకి రావు. ఆఖరి వారం దాకా ఆగకండి.

ఎక్కువమంది తప్పేది రెండు చోట్ల. ఒకటి, అద్దె ఇల్లు మారాక చిరునామా మార్చరు. పేరు పాత ఏరియాలో ఉండిపోతుంది. రెండోది, ఐరిష్ పౌరసత్వం వచ్చాక జాబితాలో ఆ సంగతి చేర్చరు. జాబితాలో పేరు పక్కన ఎల్ అక్షరం ఉంటే స్థానిక ఎన్నికలకు మాత్రమే ఓటని అర్థం. పాస్‌పోర్టు చేతిలో ఉన్నా, ఆ ఎల్ మారేదాకా డోల్ ఎన్నికల కాగితం ఇవ్వరు.

పోటీ చేసేవారికి పార్టీ ధ్రువపత్రం ఉండాలి. లేకపోతే 15 మంది స్థానిక ఓటర్ల సమర్థన గానీ 100 యూరోల డిపాజిట్ గానీ ఉండాలి. పోస్టర్లు పోలింగ్‌కు 30 రోజుల ముందు నుంచే కట్టాలి, పోలింగ్ అయిన ఏడు రోజుల్లో తీసేయాలి. కట్టడానికి వాడిన ప్లాస్టిక్ పట్టీలు కూడా మర్చిపోకుండా విప్పాలి.

ప్రశ్న: మా ఏరియాలో గెలిచిన ఆవిడ పేరు ఇప్పుడు కౌన్సిల్ జాబితాలో లేదు, ఉపఎన్నికా జరగలేదు. ఎలా? (లూకన్)

జవాబు: స్థానిక కౌన్సిళ్లలో ఉపఎన్నికలుండవు. సీటు ఖాళీ అయితే అదే పార్టీ పేరు ఇస్తుంది, కౌన్సిల్ సమావేశంలో ఆ వ్యక్తిని చేర్చుకుంటారు. స్వతంత్రులైతే కౌన్సిల్ తన సొంత నిబంధనల ప్రకారం నింపుతుంది. 2003లో తెచ్చిన చట్టం వల్ల డోల్ సభ్యత్వం, కౌన్సిల్ సభ్యత్వం రెండూ ఒకరికే ఉండకూడదు. 2024 నవంబరు 29న డోల్ ఎన్నికలు జరగడంతో జూన్‌లో గెలిచిన చాలామంది కౌన్సిలర్లు అటు వెళ్లారు. మాజీ ప్రధాని లియో వరద్కర్ కూడా 2003లో ఫింగల్ కౌంటీ కౌన్సిల్‌లోకి ఇలా ఖాళీ సీటు మీదే వచ్చి, మరుసటి ఏడాది ఎన్నికల్లో గెలిచారు. ప్రస్తుత సభ్యుల పేర్లు కావాలంటే ఎన్నికల ఫలితాలు కాకుండా కౌన్సిల్ సొంత వెబ్‌సైట్ చూడండి.